కుమారీ ఖండం: లేని నాగరికతకు ఇంత వారసత్వం ఎలా వచ్చింది?

హిందూ మహాసముద్రంలో మునిగిపోయిన కుమారీ ఖండంలో లక్షల ఏళ్ల క్రితమే గొప్ప నాగరికత వెలసిందనీ, తెలుగుతో సహా ద్రావిడ భాషలన్నీ అక్కడే పుట్టి ఉత్తరానికి వచ్చాయనీ చెప్పే వీడియోల గురించి మీరు అడిగారు. ఇందులో నిజమెంత, నిజం కాకపోతే చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు నమ్ముతున్నారు అన్నవి మీ రెండు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు చిన్నది. మనిషి పుట్టిన తరువాత అలాంటి ఖండం ఏనాడూ లేదు, కాబట్టి దాని మీద నాగరికత వెలసే అవకాశమూ లేదు. రెండోదానికి మాత్రం కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది. చాలాకాలం భూగర్భశాస్త్రం బోధించిన నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. నవ్వి కొట్టిపారేస్తే అడిగినవారి నమ్మకం మరింత గట్టిపడటమే నేను చూశాను. అందుకని ఈ కథ ఎవరెవరి చేతులు మారి మన దాకా వచ్చిందో ముందు చెబుతాను.

దీని పుట్టుకకు కారణం ఒక చిన్న జంతువు. శేషాచలం అడవుల్లో రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా కదిలే, గుండ్రటి పెద్ద కళ్ల దేవాంగ పిల్లిని మీరు చూసి ఉండవచ్చు. దానికి దూరపు చుట్టాలైన లెమూర్లు మడగాస్కర్ దీవి నిండా ఉన్నాయి, అదే వర్గానికి చెందిన మరికొన్ని జంతువులు ఆఫ్రికాలోనూ ఉన్నాయి. నడుమ వేల కిలోమీటర్ల సముద్రం ఉండగా ఈ బంధువులు మూడు చోట్లకు ఎలా చేరాయి? లండన్ జంతుశాస్త్ర సంఘానికి కార్యదర్శిగా ఉన్న ఫిలిప్ స్క్లేటర్ 1864లో మడగాస్కర్ క్షీరదాల మీద రాసిన వ్యాసంలో, ఒకప్పుడు ఈ ప్రాంతాలను కలుపుతూ ఒక భూఖండం ఉండి తరువాత మునిగిపోయి ఉంటుందని ఊహించి, లెమూర్ల పేరు మీదుగా దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. ఖండాలు కదులుతాయన్న ఆలోచనకు అప్పటికి శాస్త్రలోకంలో ఆమోదం లేదు. కదలని ఖండాల మధ్య జంతువులు రాకపోకలు సాగించాలంటే నేల వంతెనలు తప్ప మార్గం కనిపించేది కాదు కనుక, ఆ కాలానికి అది తెలివితక్కువ ఊహ ఏమీ కాదు. ఒక సంగతి గమనించండి. స్క్లేటర్ లెమూరియాలో మనుషులు లేరు.

మనుషులను తెచ్చి పెట్టినవాడు జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు అర్నెస్ట్ హెకెల్. డార్విన్ సిద్ధాంతాన్ని యూరప్‌లో ప్రచారం చేసినవారిలో ఆయన ముఖ్యుడు. కోతికీ మనిషికీ మధ్య దశకు చెందిన శిలాజాలు ఎందుకు దొరకడం లేదన్న ప్రశ్నకు, మానవజాతి పుట్టిల్లు బహుశా లెమూరియాలో ఉండి సముద్రం పాలయిందని జవాబు చెప్పాడు. అక్కడి నుంచి పన్నెండు మానవ జాతులు ప్రపంచమంతా ఎలా వ్యాపించాయో గీతలతో పటం కూడా గీశాడు. ఆధారం దొరకకపోవడాన్నే ఆధారంగా చూపే ఈ పద్ధతి తరువాత వచ్చిన ప్రతివారికీ అక్కరకొచ్చింది. మీరు చూసిన వీడియోలు నేటికీ చేస్తున్నది అదే. శాస్త్రలోకం మాత్రం ఈ ఊహతో ఎక్కువ కాలం గడపలేదు. మొదట్లో కొంత సానుకూలంగా ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1880 నాటికే లెమూరియాను తోసిపుచ్చాడు.

అయితే ఒక ఊహను శాస్త్రజ్ఞులు వదిలేసిన రోజునే లోకం కూడా వదిలేయదు. 1885లో చార్లెస్ మెక్లీన్ సంకలనం చేసిన మద్రాసు ప్రెసిడెన్సీ పరిపాలనా గ్రంథంలో హెకెల్ వాదం ప్రస్తావనకు వచ్చింది. ద్రావిడుల పూర్వీకులు ఆ మునిగిన నేల నుంచే వచ్చి ఉండవచ్చన్న సూచన కూడా దానితోపాటే చేరింది. సర్కారు అచ్చువేసిన పుస్తకం కనుక దాని మాటకు విలువ ఎక్కువ. జిల్లా కచేరీల్లో, కళాశాలల్లో దాన్ని చదివినవారికి వాలెస్ ఖండన సంగతి తెలిసే అవకాశం తక్కువ. శాస్త్రం విడిచిన ఊహకు శాస్త్రం పరువు మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉండిపోయింది. ఈ కథ వ్యాప్తికి ఇదే మూలమని నా అభిప్రాయం.

ఇక రెండో పాయ తమిళ సాహిత్యానిది. ఇది నిజంగా పాతది. ఇరైయనార్ అకప్పొరుళ్ అనే లక్షణ గ్రంథానికి నక్కీరర్ పేరుతో ఉన్న వ్యాఖ్యానంలో, పాండ్య రాజులు మూడు సంగాలను, అంటే కవి పండిత సభలను, పోషించారనీ, మొదటిది సముద్రం మింగేసిన దక్షిణ మదురైలో 4440 ఏళ్లు, రెండోది కపాటపురంలో 3700 ఏళ్లు, మూడోది నేటి మదురైలో 1850 ఏళ్లు నడిచాయనీ ఉంది. ఈ మూడు అంకెలనూ కాగితం మీద వేసి చూడండి. 37ను వరుసగా 120తో, 100తో, 50తో గుణిస్తే వచ్చేవే అవి. కవుల జాబితాలనూ రాజుల పాలనాకాలాలనూ కూడితే అంకెలు ఇంత పొందికగా రావు. ఇది పరంపరకు ప్రాచీనత కల్పించడానికి ఎవరో కూర్చిన లెక్క. శిలప్పదికారమనే ప్రాచీన తమిళ కావ్యంలో పహ్రుళి నదినీ, అనేక పర్వత పంక్తులతో సహా కుమరి కొండనూ సముద్రం కబళించిందన్న మాట ఉంది. దానికి కొన్ని శతాబ్దాల తరువాత వ్యాఖ్య రాసిన అడియార్క్కునల్లార్, పహ్రుళికీ కుమరికీ మధ్య 700 కావదాల దూరమనీ, అందులో ఏడేసి చొప్పున 49 నాడులు, అంటే సీమలు, ఉండేవనీ వివరించాడు. ఏడు కొబ్బరి నాడులు, ఏడు మదురై నాడులు, ఏడు ముందటి ఇసుక నాడులు, ఏడు వెనుకటి ఇసుక నాడులు, ఇలా సాగుతుంది ఆ జాబితా. కావదమంటే ఎంతో స్పష్టంగా తేలకపోవడంతో ఆధునికులు ఒక్కొక్కరు ఒక్కో లెక్క వేసి, కొందరు దాన్ని ఆస్ట్రేలియా దాకా సాగదీశారు.

ఈ పాత గ్రంథాల్లో లేనిది ఏమిటో కూడా చూడాలి. సముద్రం చొచ్చుకురావడం ఉంది, పాండ్యుడు నేల కోల్పోవడం ఉంది, గ్రంథాలు పోయాయన్న బాధ ఉంది. ఖండం లేదు. మానవజాతి అక్కడ పుట్టిందన్న మాట అసలే లేదు. కుమారీ ఖండం అన్న పేరు తమిళ కందపురాణంలో కనిపిస్తుంది గానీ, అక్కడ అది భరతవర్షపు తొమ్మిది భాగాల్లో ఒకదాని పేరు, మునిగిపోయిన దేశం పేరు కాదు. పాండ్యుల నేల కథ ఒకచోటా, ఈ పేరు ఇంకొకచోటా, లెమూరియా మరొకచోటా వేర్వేరుగా ఉండేవి. వీటిని ఒక్కటిగా కుట్టడం పందొమ్మిదో శతాబ్దం చివర మొదలై ఇరవయ్యో శతాబ్దంలో పూర్తయింది.

ఆ కాలంలోనే ఎందుకంటే, అచ్చుయంత్రం వల్ల. తాటాకుల్లో పడి ఉన్న ఇరైయనార్ అకప్పొరుళ్‌ను సి.వై. దామోదరం పిళ్లై 1883లో అచ్చు వేయించారు. శిలప్పదికారాన్ని అడియార్క్కునల్లార్ వ్యాఖ్యానంతో సహా ఉ.వే. స్వామినాథ అయ్యర్ 1892లో ప్రకటించారు. అంటే మెక్లీన్ గ్రంథం 1885లో ద్రావిడుల పుట్టిల్లు సముద్రగర్భంలో ఉండవచ్చని చెప్పడానికి కాస్త ముందు ఒకటి, కాస్త తరువాత ఒకటి చొప్పున, మునిగిన పాండ్య నేల కథలు చదువరుల చేతికి వచ్చాయి. ఒకే బల్ల మీద ఈ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్న తమిళ పండితుడికి, యూరప్ శాస్త్రజ్ఞులు ఇప్పుడు కనుగొన్నదాన్ని మన పూర్వులు ఎప్పుడో చెప్పారన్న భావన కలగడంలో వింత ఏముంది? 1903లో వి.జి. సూర్యనారాయణ శాస్త్రి తమిళ భాషా చరిత్రలో ఆ నేలను కుమరినాడు అన్నారు. తరువాతి తరంలో అది ఖండంగా పెరిగింది, తమిళ భాషా పండితుడు దేవనేయ పావాణర్ వంటివారి చేతిలో మానవజాతికే జన్మస్థానమైంది.

ఇక్కడ నేను తమిళ పండితులను ఎద్దేవా చేయడం లేదు. ఆ తాటాకు ప్రతుల కోసం స్వామినాథ అయ్యర్ వంటివారు ఊరూరా తిరుగుతున్నప్పుడు, చెదలు తిన్న కట్టలూ వరదల్లో నదులకు వదిలేసిన కట్టలూ వారికి ఎదురయ్యేవి. పాత వ్యాఖ్యానాల్లో పేర్లు మాత్రమే మిగిలి, గ్రంథం దొరకని రచనలు ఎన్నో ఉన్నాయి. సాహిత్యం పోయిందన్న దుఃఖం కల్పన కాదు. దానికి తోడు, నాగరికతంతా ఉత్తరం నుంచే దక్షిణానికి దిగివచ్చిందని ఆనాటి చరిత్ర పుస్తకాలు చెబుతుంటే, దక్షిణం నుంచే ఉత్తరానికి వెళ్లిందని చెప్పగల కథ ఆత్మగౌరవానికి ఆసరా అయింది. ఆ తరువాత అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1981లో మదురైలో జరిగిన ఐదో ప్రపంచ తమిళ మహాసభలో దీని మీద తీసిన డాక్యుమెంటరీని ప్రదర్శించే దాకా వెళ్లింది. బడిలో చదివినదాన్ని పెద్దయ్యాక వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

మూడో పాయ మరీ విచిత్రమైనది కనుక క్లుప్తంగా చెబుతాను. దివ్యజ్ఞాన సమాజ (థియోసాఫికల్ సొసైటీ) స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ 1888లో ప్రచురించిన గ్రంథంలో లెమూరియా వాసులను మానవాళి మూలజాతుల్లో మూడోదిగా వర్ణించింది. ఆ సమాజపు ప్రధాన కార్యాలయం 1882 నుంచీ మద్రాసు అడయారులోనే ఉంది. ఆమె అనుయాయి స్కాట్ ఎలియట్ 1904లో మరో అడుగు ముందుకు వేసి, లెమూరియా మనిషి పన్నెండు నుంచి పదిహేను అడుగుల ఎత్తు ఉండేవాడనీ, తీగలతో పేనిన తాడు కట్టి ఒక భయంకరమైన పెద్ద సరీసృపాన్ని వెంట నడిపించుకునేవాడనీ కళ్లతో చూసినట్టే రాశాడు. అమెరికా చేరాక ఆ ఖండం హిందూ మహాసముద్రం విడిచి పసిఫిక్‌కు మారింది. దాని చివరి వాసులు కాలిఫోర్నియాలోని శాస్తా పర్వతం లోపల ఇప్పటికీ ఉన్నారని నమ్మేవారు అక్కడ కనిపిస్తారు. జేమ్స్ చర్చ్‌వార్డ్ 1926లో ము అనే మునిగిన ఖండాన్ని ప్రకటించినప్పుడు తనకు ఆధారం భారతదేశపు ఒక గుడిలో పూజారి చూపిన మట్టిపలకలని చెప్పాడు. ఆ పలకలను ఇంకెవరూ చూడలేదు. ఇంటర్నెట్ వచ్చాక ఈ మూడు పాయలూ మళ్లీ కలిసిపోయాయి. మీరు చూసిన వీడియోలో స్క్లేటర్ పేరు, అడియార్క్కునల్లార్ 49 నాడులు, మూడో కన్ను ఉన్న రాకాసి మనుషులు ఒకే ఊపిరిలో వచ్చి ఉంటే దానికి కారణం ఇదే.

ఇప్పుడు భూగర్భశాస్త్రం సంగతి. ఖండాల నేల ప్రధానంగా గ్రానైటు జాతి రాళ్లది. అది తేలిక, మందం సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు. సముద్రపు అడుగు బసాల్టుది. అది బరువు, మందం ఆరేడు కిలోమీటర్లు. తేలికైన ఖండం కింది పొర మీద నీటిలో దుంగలా తేలుతూ ఉంటుంది. అంచులు నీటి కిందికి పోవచ్చు, సాగి పలచబడిన ముక్కలు కుంగవచ్చు, అంతేగానీ ఒక ఖండం కొన్ని వేల ఏళ్లలో నాలుగైదు కిలోమీటర్ల లోతుకు జారిపోయి అడుగున బసాల్టుగా మారిపోదు. 1959 నుంచి 1965 దాకా అంతర్జాతీయ యాత్రలో భాగంగా హిందూ మహాసముద్రం అడుగును విస్తృతంగా కొలిచారు. గోవాలోని మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో ఏర్పడింది ఆ కృషి ఫలితంగానే. ఆ తరువాత నౌకల మీద నుంచి సముద్రగర్భాన్ని తవ్వి రాళ్లు కూడా తీశారు. కన్యాకుమారికి దక్షిణాన ఉన్న లోతైన సముద్రగర్భంలో మునిగిన ఖండమేదీ కనిపించలేదు.

మరి మూడు చోట్లా ఒకే రకపు శిలలూ శిలాజాలూ ఎందుకున్నాయి? ఖండం మునగలేదు, విడిపోయింది. 1912లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ చెప్పిన ఖండాల కదలిక అర్ధశతాబ్దం పాటు అనుమానాల మధ్య నలిగి, 1960ల్లో, భూమి పైపొర కదిలే ఫలకాలుగా ఉందని చెప్పే ఫలకాల సిద్ధాంతంగా స్థిరపడింది. సింగరేణి ప్రాంతంలో బొగ్గు పొరలతోపాటు ఉండే పలక రాయిని సుత్తితో పొరలుగా విడదీస్తే, ఒక్కోసారి నాలుక ఆకారంలో, నడుమ ఈనెతో, వలలాంటి నరాలతో ఆకుల ముద్రలు కనిపిస్తాయి. గ్లాసోప్టెరిస్ అనే ఆ మొక్క ముద్రలే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరుకుతాయి. పాతిక కోట్ల ఏళ్లకు పూర్వం ఇవన్నీ ఒకే నేల. 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ స్యూస్ ఆ నేలకు పెట్టిన గోండ్వానా అన్న పేరు మన గోండుల దేశం నుంచే వెళ్లింది. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భారత ఫలకం అంటార్కిటికా నుంచి విడివడింది, సుమారు 9 కోట్ల ఏళ్ల క్రితం మడగాస్కర్‌ను వదిలింది, సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను ఢీకొంది. మన జాతి మనుషులకు దొరికిన అతి పాత ఎముకలు మూడు లక్షల ఏళ్లవి. ఈ రెండు కాలాల మధ్య దూరాన్ని ఏ కథా పూడ్చలేదు. ఇక లెమూర్ల సంగతంటారా, అవి ఈ విడిపోవడం ముగిసిన చాలా కాలానికి, ఆఫ్రికా నుంచి కొట్టుకొచ్చిన చెట్ల దిమ్మల మీద మడగాస్కర్ చేరాయన్నది నేడు ఎక్కువమంది ఆమోదిస్తున్న వివరణ.

అలాగని సముద్రం నేలను మింగిందన్న జ్ఞాపకం మొత్తం వట్టిదే అనను. సుమారు 20 వేల ఏళ్ల క్రితం హిమయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. పాక్ అఖాతం లోతు చాలా చోట్ల పది పదిహేను మీటర్లే కనుక, అప్పుడు తమిళ దేశం నుంచి శ్రీలంకకు కాలినడకన వెళ్లగలిగేవారు. కన్యాకుమారి దగ్గర కూడా తీరం దక్షిణానికి కొంత జరిగి ఉండేది. మంచు కరిగి నీరు పెరిగినప్పుడు ఆ నేల పోయింది. ఆ తరువాత కూడా తుపానులకూ సునామీలకూ తీరంలోని ఊళ్లు పోతూనే వచ్చాయి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత కుమారీ ఖండం మాట మళ్లీ గట్టిగా వినబడిందంటే, అలాంటి దెబ్బలు తిన్న తీరవాసులకు ఈ కథ ఎంత సహజంగా తోస్తుందో అర్థమవుతుంది. పోయింది తీరపు పట్టీ, చెప్పుకున్నది ఖండం.

మీరు పంపిన వీడియోలో మారిషస్ పరిశోధనను సాక్ష్యంగా చూపారు కనుక దాని గురించి కూడా చెప్పాలి. మారిషస్ అగ్నిపర్వత దీవి, దాని మీది లావా 90 లక్షల ఏళ్లకు మించి పాతది కాదు. అక్కడి సముద్రతీరపు ఇసుకలో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల వయసు 66 కోట్ల నుంచి దాదాపు 200 కోట్ల ఏళ్లని 2013లో ప్రకటించారు. ఇసుక ఎక్కడి నుంచైనా కొట్టుకురావచ్చుగా అన్న సందేహం రావడంతో, 2017లో నేరుగా లావా శిల లోపల ఉన్న రేణువులను పరీక్షిస్తే కొన్ని 300 కోట్ల ఏళ్లవిగా తేలాయి. కంటికి కనీకనిపించని ఆ గింజలను లావా పైకి వస్తూ కింది పాత ఖండశిల నుంచి తెచ్చిందని అర్థం. భారత్, మడగాస్కర్ విడిపోతున్నప్పుడు నడుమ చిక్కుకుపోయిన చిన్న ముక్క అది. మనిషి పుట్టకముందే లావా కింద కప్పబడిపోయింది. పత్రికలు పోయిన ఖండం దొరికిందని శీర్షిక పెట్టాయి, మిగతాది వీడియోలు చేసేవారు పూరించుకున్నారు.

చివరగా తెలుగు సంగతి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వర్గీకరణ ప్రకారం తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందింది. దానికి దగ్గరి చుట్టాలు గోండి, కోండ, కుయి, కువి వంటివి. ఇవన్నీ గోదావరికి అటూ ఇటూ, తూర్పు కనుమల్లో, మధ్య భారతపు అడవుల్లో మాట్లాడే భాషలే. మరో ద్రావిడ భాష బ్రాహుయీ ఎక్కడో బలూచిస్తాన్‌లో ఉంది. కన్యాకుమారికి దక్షిణాన పుట్టి పైకి వచ్చిన కుటుంబమైతే పటం ఇలా ఉండటానికి వేరే వివరణ వెతుక్కోవాలి. 2018లో వెలువడిన ఒక గణాంక అధ్యయనం ఈ భాషా కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని లెక్కగట్టింది. దీని మీద ఇంకా వాదాలున్నా, లక్షల ఏళ్లన్న మాట ఏ భాషాశాస్త్రజ్ఞుడూ అనడు.

ద్రావిడ భాషల తొలి నాళ్ల గురించి నిజంగా ఆసక్తి ఉంటే దక్కను కొత్తరాతియుగం గురించి చదవమని నా సలహా. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ కర్ణాటకలోనూ ఆ కాలపు బూడిద దిబ్బలు ఉన్నాయి. పశువుల దొడ్లలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చడం వల్ల ఏర్పడ్డవి అవి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. ఆ కాలపు ఊళ్లలో దొరికిన మాడిన గింజల్లో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు ఉన్నాయి. ద్రావిడ మూలభాషకు భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించిన మాటల్లో ఈ పంటల పేర్లు ఉండటాన్ని బట్టి, ఆ రైతులూ పశుపాలకులూ తొలి ద్రావిడ భాషలు మాట్లాడి ఉంటారని పురావస్తు వృక్షశాస్త్రజ్ఞుడు డోరియన్ ఫుల్లర్ వంటివారు వాదిస్తున్నారు. ఇది ఇంకా రుజువైన సంగతి కాదు. కానీ తవ్వి చూడగల నేల మీద, లెక్కించగల గింజల మీద నిలబడ్డ వాదం కనుక, తప్పయితే తప్పని తేల్చుకునే వీలు దీనికి ఉంది.